థీమ్ కాగితానికి, రుచి కేకుకి: విశాఖలో సముద్రం పార్టీ

మీరు అడిగింది ఇదీ. డిగ్రీ స్నేహితులు కుటుంబాలతో సహా 26 మంది, అందులో పిల్లలు 11 మంది, సెప్టెంబరు చివరి శనివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కలుస్తున్నారు. థీమ్ సముద్రం. ఇంట్లో ఉన్నది 28 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఒక్కటే. సగం మంది గుడ్డు తినరు. ఫాండెంట్‌తో, అంటే కేకు మీద పరిచే చక్కెర ముద్దతో, అలల కేకు చేయాలని, అలంకరణ మొత్తం కాగితాలతో మీరే చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధారలో ఇంటి నుంచే 12 ఏళ్ళుగా కేకులు చేసి ఇస్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేస్తాను. ఫాండెంట్ మానేయండి. టెర్రస్ కూడా మానేయండి. మిగతాదంతా మీరు హాయిగా చేసేస్తారు.

మన ఊళ్ళో ఓవెన్ ముందు నిలబడేవాళ్ళు ఎవరిని అడిగినా గాలిలో చెమ్మ గురించే మొత్తుకుంటారు. చక్కెరకి చెమ్మని పీల్చుకునే గుణం ఉంది. ఫాండెంట్ దాదాపు అంతా చక్కెరే. ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టిన కాసేపటికే దానికి చెమట పడుతుంది, తళతళ మెరుస్తుంది, వేలు పెడితే అంటుకుపోతుంది. వీడియోల్లో చేసేవాళ్ళు ఏసీ గదిలో చేసి, ఏసీ గదిలోనే ఫోటో తీసేస్తారు. మనం చేసింది 26 మంది మధ్య రెండు గంటలు నిలబడాలి.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాకే తెలుసుకున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం, మే నెల. సింధియా వైపు ఒక నేవీ కుటుంబం, వాళ్ళ బాబుకి ఆరో పుట్టినరోజు. బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి లాంటి కేకు కావాలన్నాడు. 1969లో నేవీలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారిన ఆ 91 మీటర్ల జలాంతర్గామిని నేను 14 అంగుళాల్లోకి కుదించాను. ఒళ్ళంతా బూడిదరంగు ఫాండెంట్. పెరిస్కోప్ కోసం ఫాండెంట్‌లో అది గట్టిపడేలా చేసే సీఎంసీ పొడి కలిపి పుల్లలా చేసి రెండు రోజులు ఎండబెట్టాను, రాయిలా తయారైంది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాను. కాన్వెంట్ జంక్షన్ దాటేసరికి జలాంతర్గామి నిజంగానే నీళ్ళలోంచి పైకి లేచినట్టు తడిసి మెరుస్తోంది. పెరిస్కోప్ ఒక పక్కకి వాలింది. వాళ్ళింట్లో బల్ల మీద పెట్టగానే టప్పున పడిపోయింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ బాబు నానమ్మగారు మాత్రం ఏమీ అనకుండా లోపలికెళ్ళి నల్ల చార్టు ముక్క తెచ్చారు. దాన్ని టూత్‌పిక్ చుట్టూ గట్టిగా చుట్టి, పైన కొస వంచి, కేకులో గుచ్చారు. అంతే. పెరిస్కోప్ నిలబడింది. బాబుకి తేడానే తెలియలేదు. ఫోటోల్లో అన్నిటికంటే బాగా పడింది ఆ కాగితం ముక్కే. ఆ రోజు నుంచీ నా పద్ధతి మారింది. ఆకారాలు, బొమ్మలు, పేర్లు అన్నీ కాగితంతో చేస్తాను. కేకు కేకులాగే ఉంటుంది, తినడానికి బాగుంటుంది.

మీకూ అదే చెప్తున్నాను. కేకు ఎలా ఉండాలంటే: 8 అంగుళాల చదరం కేకులు రెండు చేసి, పక్కపక్కన ఆనించండి. 8 బై 16 అంగుళాల బీచ్ తయారవుతుంది. ఒక్కోదాన్ని నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు కోస్తే 16 ముక్కలు, రెండూ కలిపి 32. మీ 26 మందికి సరిపోయి, రెండోసారి అడిగే పిల్లలకీ మిగులుతాయి. రెండూ గుడ్డు లేకుండానే చేయండి. గుడ్డు తినేవాళ్ళు గుడ్డు లేదని గొడవ పెట్టుకోరు. ఒకటి గుడ్డుతో, ఒకటి లేకుండా చేస్తే మాత్రం ఏది ఏదో అని సాయంత్రమంతా మీరే కాపలా కాయాలి.

ఒక కేకుకి కొలత: కండెన్స్‌డ్ మిల్క్ ఒక టిన్ను, అంటే సుమారు 400 గ్రాములు. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, వంటసోడా ఒక టీస్పూను. ఈ మూడూ కలిపి రెండుసార్లు జల్లించండి. కరిగించిన వెన్న 100 గ్రాములు, వెనిల్లా ఒక టీస్పూను, గ్యాస్ ఉన్న ప్లెయిన్ సోడా 200 మిల్లీలీటర్ల దాకా. వెన్న, కండెన్స్‌డ్ మిల్క్ ముందు బాగా కలిపి, తర్వాత మైదా, సోడా మార్చి మార్చి వేయండి. సోడా పడ్డాక గిలక్కొట్టకండి, కలిసిందనగానే ఆపేసి వెంటనే ఓవెన్‌లో పెట్టండి. ముందే 180 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు వేడెక్కి ఉండాలి. 35 నుంచి 45 నిమిషాల్లో అవుతుంది. పుల్ల గుచ్చి చూసుకోండి, ఓటీజీలు ఒక్కోటి ఒక్కోలా కాలుస్తాయి. 30 నిమిషాల దాకా తలుపు తీయొద్దు, మధ్యలో గుంట పడుతుంది.

పైన అలంకరణకి పది నిమిషాలు చాలు. ఒక పక్క మూడో వంతు మేరీ బిస్కెట్ల పొడి చల్లితే ఇసుక. దాని అంచున ఎండు కొబ్బరి పొడితో సన్నటి గీత వేస్తే నురగ. మిగతా అంతా నీలం క్రీమ్ రాసి, చెంచా వెనక వైపుతో అక్కడక్కడా తట్టి పైకి లేపితే అలలు. అలలన్నీ ఒకేలా రాలేదని దిద్దుతూ కూర్చోవద్దు. సముద్రంలో కూడా రావు.

ఆ నీలం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. వెన్నతో చేసిన బటర్‌క్రీమ్‌కి పసుపు ఛాయ ఉంటుంది. అందులో నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు నాచు పట్టిన చెరువులా వచ్చింది. నీలం చాల్లేదేమో అని ఇంకా వేశాను, నాచు ముదిరింది. బటర్‌క్రీమే వాడాలనుకుంటే టూత్‌పిక్ కొసకి అంటినంత ఊదారంగు ముందు కలిపి ఆ పసుపుని చంపి, తర్వాత నీలం వేయాలి. మీకెందుకు ఆ గొడవ, పాలతో చేయని నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ తీసుకోండి. అది తెల్లగా ఉంటుంది, నీలం నీలంగానే వస్తుంది. మన ఎండకి పాల క్రీమ్ కంటే కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది కూడా. రుచిలో పాల క్రీమే గొప్ప, ఒప్పుకుంటాను, కానీ ఈ పనికి కాదు. 300 మిల్లీలీటర్లు చాలు. గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి గిలక్కొట్టండి. జెల్ కలర్ వాడండి, నీళ్ళలాంటి రంగు క్రీమ్‌ని పలచన చేస్తుంది. మీకు కావలసిన దానికంటే ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే ఆపేయండి. గంటా రెండు గంటల్లో అదే ముదురుతుంది. ఎక్కువైతే చేదు తగులుతుంది, అందరి నాలుకలూ నీలంగా మారతాయి. మన దేశంలో తినే పదార్థాలకి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్. డబ్బా మీద ఆ పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు చూసుకుని కొనండి. మెరుపు పొడుల మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినొచ్చని అర్థం కాదు, ‘ఎడిబుల్’ అని ఉండాలి.

ఇక బిస్కెట్లు. మనిషికి మూడు లెక్కన 80. వెన్న 200 గ్రాములు, చక్కెర పొడి 130, మైదా 300, కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు, వెనిల్లా, ముద్ద కట్టడానికి చెంచాడో రెండు చెంచాలో పాలు. చేపల కట్టర్ మరీ పెద్దది కాకపోతే దీనికి 40 దాకా వస్తాయి, అంటే రెండు విడతలు. పిండిని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో అర సెంటీమీటరు మందంగా ఒత్తి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే కోయండి. మన ఊళ్ళో ఈ అరగంట తప్పదు. వెన్న మెత్తబడితే చేప తోక కట్టర్‌లోనే ఉండిపోతుంది. 170 డిగ్రీల్లో 12 నిమిషాలు, అంచులు లేత గోధుమ రంగుకి రాగానే తీసేయండి. మీ ఓటీజీ ట్రేలో ఒకసారికి డజను పడతాయి, ఏడు వాయిలు, సుమారు రెండు గంటల పని. కన్ను కోసం కాల్చే ముందే ఒక నల్ల నువ్వుగింజ అద్దండి. పొలుసులకి టీస్పూను కొసతో చిన్న చిన్న అరచందమామలు నొక్కండి. ఇంత చేశాక ఐసింగ్ లేకపోయినా అది చేపే.

అందుకే అన్నిటికీ ఐసింగ్ వేయొద్దు. పాతికకి వేయండి, చాలు. 200 గ్రాముల ఐసింగ్ షుగర్‌కి ఐదారు టీస్పూన్ల పాలు, రెండు చుక్కల నిమ్మరసం. చెంచా ఎత్తితే తీగలా జారి, పడిన గీత నెమ్మదిగా కలిసిపోవాలి. బయట ఆరబెడితే తెల్లారినా జిగురుగానే ఉంటుంది. రాత్రి ఏసీ వేసే గదిలో పెట్టండి, ఏసీ గాలిలో చెమ్మ లాగేస్తుంది కాబట్టి పొద్దుటికి గట్టిపడుతుంది. తర్వాత పొరపాటున కూడా ఫ్రిజ్‌లో పెట్టకండి, మళ్ళీ చెమట పడుతుంది. స్టీలు డబ్బాలో మూత బిగించి ఉంచండి. ఐసింగ్ లేనివి మెత్తబడితే 150 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు వేడి చేస్తే, చల్లారాక మళ్ళీ కరకరలాడతాయి.

బిస్కెట్లు బెల్లంతో చేయొచ్చా అని కూడా అడిగారు. అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా చేయకపోతే ఎలా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. రుచి అద్భుతం. కానీ బెల్లం చక్కెర కంటే త్వరగా చెమ్మ పీలుస్తుంది. పొద్దున చేసింది సాయంత్రానికి మెత్తన. ముందే చేసి పెట్టుకునే పనికి అది పనికిరాదు. బెల్లం తినాలంటే గవ్వలు ఉన్నాయి కదా.

నిజానికి సముద్రం థీమ్ అనగానే అందరూ వీడియోల వెంట పడతారు గానీ, మన వంటింట్లో సముద్రం ఎప్పుడో ఉంది. బెల్లం గవ్వలు ఒక పెద్ద పళ్ళెం చేసి, మధ్యలో పెట్టండి. పాకం ఉండ పాకం దాకా రానిస్తే పైపూత ఆరి నాలుగు రోజులు నిలుస్తాయి. అత్తగారింట్లోనో అమ్మ దగ్గరో గవ్వల పీట ఉంటే అడిగి తెచ్చుకోండి. చల్లబడిన బిస్కెట్ పిండిని చిన్న ఉండలుగా చేసి, దాని గాడుల మీద మెల్లగా నొక్కి తీస్తే శంఖం పెంకు మీద ఉండే చారలు పడతాయి. పీట లేకపోతే ఫోర్కు వీపు. కారానికి చేగోడీలు. వాటి పక్కన ‘లైఫ్ బాయ్‌లు’ (నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే రింగులు) అని చిన్న కాగితం చీటీ పెట్టండి. ఈ చీటీకి వచ్చినంత నవ్వు నా మూడు కిలోల కేకుకి కూడా రాలేదు.

ఇప్పుడు కాగితం. మూడు రంగులే కొనండి: నీలం, తెలుపు, ఒక నారింజ. నాలుగో రంగు చేరితే బర్త్‌డే హాలు అయిపోతుంది. వేలాడదీసేవాటికి 120 నుంచి 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మందం ఉన్న కాగితం, మడతపెట్టేవాటికి మామూలు 75, 80 జీఎస్ఎం ఎ4. ఈ తేడా ముఖ్యం. పల్చటి కాగితం వేలాడదీస్తే చెమ్మకి తడిసిన అప్పడంలా వాలిపోతుంది. మందం కాగితం మడిస్తే మడత దగ్గర పగుళ్ళు వస్తాయి. మీ కాలనీ స్టేషనరీ షాపులోనే దొరుకుతాయి, కట్టలుగా కావాలంటే పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళిరండి. థర్మాకోల్ జోలికి పోవద్దు, అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు కూడా ఆ జాబితాలోవే.

తోరణం మన పంద్రాగస్టు పద్ధతే. ఎ4 కాగితాన్ని అడ్డంగా రెండు చేయండి. ఒక్కో ముక్కని సగానికి మడిచి, మడత పైకి ఉంచి త్రికోణంగా కత్తిరించండి. ఆ మడతని పురికొసకి తగిలించి లోపల జిగురు రాసి మూసేస్తే జెండా రెండు వైపులా రంగుగా ఉంటుంది, జారిపోదు. త్రికోణం కొసని చిన్నగా చీల్చి రెండుగా విడదీస్తే కింద చేప తోకలా వస్తుంది. నాలుగు మీటర్ల తాడుకి 16 జెండాలు, అంటే ఎనిమిది కాగితాలు. హాల్లో మూడు వరసలకి 24 కాగితాలు. చిన్నప్పుడు బడిలో మైదా ఉడికించి జిగురు చేసేవాళ్ళం, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్ళు. తిండి ఉన్న చోట ఆ మైలుతుత్తం వద్దు, అది విషం. వేయకపోతే చీమలు, బొద్దింకలు వస్తాయి. ఫెవికాల్ వాడండి. గోడకి సెల్లోటేప్ నమ్ముకోవద్దు, మన గోడల చెమ్మకి రాత్రి అంటించింది పొద్దున్నే నేల మీద ఉంటుంది. కర్టెన్ రాడ్డుకీ, కిటికీ ఊచలకీ తాడు కట్టేయండి.

బల్ల అంచుకి నీలం చార్టుని అలల్లా కత్తిరించి మూడు వరసలు, ఒకదాని వెనక ఒకటి, ముదురు నుంచి లేతకి. మూలన ఒక లైట్‌హౌస్: రెండు చార్టులు గొట్టంలా చుట్టి, లోపల రెండు లీటర్ల నీళ్ళ సీసా నిలబెట్టండి, ఫ్యాన్ గాలికి పడదు. పైన బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం. కొవ్వొత్తి మాత్రం వద్దు, చుట్టూ అంతా కాగితమే.

పిల్లల కోసం వేరే ఆటలు వెతక్కండి. పేపర్ ప్లేట్లు, రంగులు ఇచ్చి తాబేళ్ళు చేయించండి. ప్లేటు బోర్లిస్తే పెంకు, కాగితంతో కాళ్ళు, తల. చలికాలంలో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయని పెద్దవాళ్ళలో ఎవరైనా చెప్పారంటే వచ్చే ప్రశ్నలకి గంట గడిచిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది పడవలు. మామూలు కాగితం పడవే, ఎ4తో, మనిషికొకటి, పక్కన పేరు రాసి. లోపల చిన్న బటర్ పేపర్ ముక్క పరిచి, మధ్యలో లేచే తెరచాపకి ఆనించి ఒక చేప బిస్కెట్టు నిలబెట్టి, ఇటూ అటూ నాలుగు గవ్వలు వేయండి. ప్లేటూ అదే, అలంకరణా అదే, ఎవరి చోటు ఎవరిదో చెప్పే చీటీ కూడా అదే. పాత న్యూస్‌పేపర్‌తో చేస్తే అందంగా ఉంటుందని మీకు తోచొచ్చు. ప్రింటింగ్ సిరా తిండికి అంటుతుంది, అందుకే ఎఫ్ఎస్ఎస్ఏఐ న్యూస్‌పేపర్‌లో తిండి చుట్టొద్దని చెప్తోంది. కేకు మీదకి వేలెడంత పడవలు చేసి టూత్‌పిక్‌లకి అంటించండి. పడవ అడుగు క్రీమ్‌కి తగలకుండా ఒక వేలు ఎత్తున ఉండాలి. క్రేప్ పేపర్ అయితే కేకు దరిదాపులకి కూడా రానీయొద్దు, తడి తగిలితే రంగు కారిపోతుంది.

పనులు ఈ వరసలో పెట్టుకోండి. కాగితం పని రెండు వారాల ముందు నుంచి, టీవీ చూస్తూ. చేసినవి అట్టపెట్టెలో పడుకోబెట్టి పెట్టండి. గవ్వలు మంగళవారం, బిస్కెట్లు గురువారం, ఐసింగ్ శుక్రవారం రాత్రి. కేకులు శనివారం పొద్దున్నే. క్రీమ్ రాయడం అతిథులు రావడానికి గంట ముందు. పడవలు గుచ్చడం గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడ్డాక.

టెర్రస్ ఎందుకు వద్దన్నానంటే, సాయంత్రం ఐదింటికి ఎంవీపీలో సముద్రం గాలి ఇంకా జోరుగానే ఉంటుంది. కాగితం తోరణాలు తాడుకే చుట్టుకుపోతాయి, పడవలు నిజంగానే బయలుదేరతాయి. సెప్టెంబరు కాబట్టి వాన సంగతి ఎటూ చెప్పలేం. ఏడున్నర దాటాక, కేకు అయిపోయాక, అందరూ పైకెళ్ళి పునుగులు, టీ పెట్టుకోండి. అప్పటికి ఎగిరిపోవడానికి ఏమీ ఉండదు.